ఇంజిన్లకు సమ్మతి పత్రాలు అడిగారు: ఒక చెస్ టెస్టింగ్ ప్రాజెక్టు ముగింపు, నా అనుభవం

మా చెస్ ఇంజిన్ల (చెస్ ఆడే ప్రోగ్రాముల) టెస్టింగ్ ప్రాజెక్టు ముగిసింది. గేములన్నీ ఒక డేటా ఆర్కైవ్‌లో చేరినట్టు నిన్ననే సందేశం వచ్చింది. ఇలాంటి స్వచ్ఛంద ప్రాజెక్టుని ఎలా మూసేయాలో తెలియక సాగదీస్తున్నవాళ్లు ఇంకా ఉన్నారని నాకు తెలుసు. అందుకే కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

తెలియనివాళ్లకు రెండు ముక్కలు. జీతం భత్యం లేని టెస్టర్లం కొందరం మా సొంత కంప్యూటర్లలో ఇంజిన్లను రాత్రింబవళ్లు ఆడించి, ఫలితాలు కలిపి ఎలో రేటింగుల (ఎవరి బలమెంతో చెప్పే అంకెల) లిస్టు వేసేవాళ్లం. ప్రతి ఓపెనింగునీ, అంటే గేము తొలి ఎత్తుల వరసని, రంగులు మార్చి రెండుసార్లు ఆడించాలి. ప్రత్యర్థి ఆలోచించే సమయంలో ఇంజిన్ ఆలోచించకూడదు. కంప్యూటర్ వేగాన్ని బట్టి గడియారం సర్దాలి. స్వీడన్‌లో ఎస్‌ఎస్‌డీఎఫ్ అనే చెస్ కంప్యూటర్ల సంఘం వాళ్లు 1980లలోనే మొదలుపెట్టిన పని ఇది. మేం కొత్తగా కనిపెట్టిందేమీ లేదు, ఓపిగ్గా చేశాం, అంతే.

ఆపడానికి కారణం గొడవలు కాదు. పని తీరిపోయింది. 2013లో మొదలైన ఫిష్‌టెస్ట్ అనే వేదికలో స్టాక్‌ఫిష్ ఇంజిన్‌కి చేసే చిన్న మార్పుని కూడా ఎక్కడెక్కడివాళ్లో ఇచ్చిన కంప్యూటర్లు వేల గేములు ఆడి తేలుస్తాయి. 2020లో ఎన్‌ఎన్‌యూఈ అనే న్యూరల్ నెట్‌వర్క్ వచ్చి చేరాక పైవరుస ఇంజిన్లు ఎంత ముదిరాయంటే, సమంగా ఉన్న ఓపెనింగ్ ఇస్తే దాదాపు అన్నీ డ్రాలే. తేడా కనపడాలంటే కావాలని ఒక పక్కకి మొగ్గిన ఓపెనింగులు ఇవ్వాలి. అది మాలో సగంమందికి నచ్చలేదు. పైగా రేటింగులో తప్పు మార్జిన్ సగానికి తగ్గాలంటే గేములు నాలుగింతలు కావాలి. వెయ్యి గేములు ఆడించినా, అందులో సగం డ్రాలైతే, అటూ ఇటూ 15 పాయింట్ల దాకా అనుమానం మిగిలే ఉంటుంది. ఇరవై గేములు ఆడించి "ఇదే నంబర్ వన్" అని చాటింపు వేసే వీరులకు ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కదు. మా లిస్టులో మార్జిన్ లేకుండా ఒక్క అంకె కూడా వెలువడలేదు. గొప్పే చెప్పుకుంటున్నాను, చెప్పుకోదగ్గదే.

ముగింపు తేదీ ప్రకటించడం, నడుస్తున్న మ్యాచులు పూర్తికానివ్వడం, సర్వర్ గడువు పొడిగించకుండా వదిలేయడం: వీటితో ఏ ఇబ్బందీ రాలేదు. ఒక్కటే జాగ్రత్త. తేదీ ప్రకటించగానే ఇంజిన్ రచయితలు "ఈ ఒక్క వెర్షన్ చూడండి" అని వరస కడతారు. ఎంత ఆప్తులైనా సరే, ఒప్పుకోకండి.

చివరి రేటింగులు ఆర్డో అనే ప్రోగ్రాముతో లెక్కించాం. ఇక్కడ పేర్ల తలనొప్పి కొంత ఉంది. ఇంజిన్, దాన్ని ఆడించే ప్రోగ్రాము మాట్లాడుకునే యూసీఐ పద్ధతిలో ఇంజిన్ తన పేరు తనే చెప్పుకుంటుంది. ఒకే వెర్షన్ ఒకరి దగ్గర "64 బిట్" అని, ఇంకొకరి దగ్గర "ఏవీఎక్స్2" అని ప్రాసెసర్ రకం తోక తగిలించుకుని వస్తే, లెక్కవేసే ప్రోగ్రాముకి అవి ఇద్దరు వేర్వేరు ఆటగాళ్లు. అన్నిటికీ ఒక పట్టిక తయారుచేసి కలిపాం. ఆడిన ప్రతి గేమూ ఓడిపోయిన పిల్ల ఇంజిన్లకు రేటింగే తేలదు, లెక్క పాతాళానికి పోతుంది. వాటిని తీసేశాం.

ఇక ఆర్కైవ్. పేరు చెప్పను. పరిశోధన సమాచారాన్ని శాశ్వతంగా, ఉచితంగా భద్రపరుస్తామని చెప్పుకునే చోటు. ఫారంలో మొదటి గడి "మీ సంస్థ". మాకు సంస్థ లేదు. ఖాళీగా వదిలితే ముందుకు పోనివ్వదు. "లేదు" అని కొడితే, ఆ పేరుగల సంస్థ తమ జాబితాలో లేదంది. తర్వాతి గడి "పర్యవేక్షకులు". నా పేరే రాశాను. దరఖాస్తుదారు, పర్యవేక్షకుడు ఒకరే కాకూడదట. సాటి టెస్టర్‌ని ఒకరిని బతిమాలి పర్యవేక్షకుణ్ణి చేశాను. ఆ పెద్దమనిషి ఇప్పటికీ నన్ను "ఏమోయ్ శిష్యా" అనే పిలుస్తున్నాడు.

అసలు కథ దరఖాస్తు ఒక అధికారి చేతికి వెళ్లాక మొదలైంది. "మీ డేటాలో వ్యక్తుల పేర్లున్నాయి. పాల్గొన్నవారందరి సమ్మతి పత్రాలు జతచేయండి" అని వెనక్కి పంపారు. పీజీఎన్ ఫైలు అంటే 1993లో స్టీవెన్ ఎడ్వర్డ్స్ గేములు రాసిపెట్టడానికి రూపొందించిన పద్ధతి. తెల్లపావుల ఆటగాడు, నల్లపావుల ఆటగాడు అని ప్రతి గేముకీ రెండు పేర్లు రాసి తీరాలి. అవి మనుషులు కాదు, ప్రోగ్రాములు అని వివరంగా రాశాను. జవాబుగా ఒక జాబితా వచ్చింది: "హన్నిబాల్, మార్విన్, ఫ్రిట్జ్, హౌడినీ. వీరు వ్యక్తులు కారని ఎలా నిర్ధారిస్తారు?"

ఏం నిర్ధారించను? హౌడినీ 2010లో రాబర్ట్ హౌడార్ట్ విడుదల చేసిన ఇంజిన్ అని రాశాను. ఆ పేరుగల అసలు ఇంద్రజాలికుడు 1926లోనే పోయాడు, సమ్మతి అడగడానికి దొరకడు అని కూడా రాయబోయి చెరిపేశాను. మరుసటి ప్రశ్న ఇంకా ఘనం: పాల్గొన్నవారిలో మైనర్లు ఉన్నారా? ఎందుకడుగుతున్నారా అని చూస్తే, జాబితాలో "జూనియర్" ఉంది. 2003లో కాస్పరోవ్‌తో ఆరు గేముల మ్యాచ్‌ని 3-3తో సమం చేసిన ప్రోగ్రాముకి వయసు ధ్రువపత్రం తేవాలన్నమాట.

ఇంతవరకూ నవ్వుకున్నాను. తర్వాత వీడియో కాల్ పెట్టారు. ఆ అధికారికి పైఅధికారి ఒకాయన కూర్చున్నారు. కెమెరా కూడా వేయలేదు. నేను చెప్పింది సగం విని, "అంటే మనుషులు ఆడలేదు, ఏ పత్రికలోనూ అచ్చు కాలేదు. యంత్రాలు వాటిలో అవి ఆడుకున్న ఆటలు. ఇవి ఎవరికండీ పనికొచ్చేది?" అన్నారు. మిగతావాళ్లెవరో నవ్వారు. నాకు మాట రాలేదు. చెప్పాల్సిందంతా కాల్ అయ్యాకే గుర్తొచ్చింది. ఆటలో ఎవరి స్థితి మెరుగో తేల్చే సూత్రాలను మనుషులు చేతితో రాసే పద్ధతి పోయి న్యూరల్ నెట్‌వర్కులు వచ్చిన ఆ మలుపు, ఒకే నిబంధనల కింద ఆడిన గేముల్లో, వెర్షన్ తర్వాత వెర్షన్‌గా ఇంకెక్కడ దొరుకుతుంది? పాత వెర్షన్లు కొన్ని ఇప్పుడు వెతికినా దొరకవు. వాటి ఆటలే మిగిలాయి. జీతం తీసుకుని చేసేదే పని, ఇష్టంతో చేసేది కాలక్షేపం అనుకునేవాళ్లకు ఇది ఎక్కించడం బ్రహ్మతరం కూడా కాదు.

చివరికి పనిచేసింది వాదన కాదు, ఫారం మార్చడం. కొత్త దరఖాస్తులో "ఆట" అన్న మాటే రాయలేదు. "సాఫ్ట్‌వేర్ పనితీరు కొలతలు" అని పెట్టాను. పాల్గొన్నవారి సంఖ్య సున్నా. పేర్ల పట్టికలో ప్రతి పేరు పక్కనా "ప్రోగ్రాము" అని ఒక వరుస చేర్చాను. ఈసారి వేరే అమ్మాయి చూసింది, ఒక్క ప్రశ్న అడగకుండా తీసుకుంది.

తమాషా ఏమిటంటే, మనుషుల పేర్లు నిజంగానే ఆ ఫైళ్లలో ఉండేవి. గేము ఆడించే ప్రోగ్రాములు కొన్ని "స్థలం" అన్న ట్యాగులో కంప్యూటర్ పేరు రాసేస్తాయి. జనం తమ కంప్యూటర్లకు సొంత పేర్లు, పిల్లల పేర్లు పెట్టుకుంటారు. హన్నిబాల్ సమ్మతి అడిగినవాళ్లు దీని గురించి పల్లెత్తు మాట అనలేదు. అప్పగించేముందే మేమే అన్నీ తుడిచేశాం. మీరూ తుడవండి.

ఇంకొకటి, టెస్టర్ చేరిన రోజే "నా గేములు ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చు" అని ఒక్క వాక్యం రాయించుకోండి. మారుపేరుతో మాత్రమే తెలిసిన ఒకాయన ఎంతకీ జవాబివ్వక ఆయన గేములన్నీ పక్కనపెట్టి రేటింగులు మళ్లీ లెక్కించాల్సి వచ్చింది. అందుకే ఆర్కైవ్‌లో ఉన్న అంకెలు మా చివరి లిస్టుతో అక్కడక్కడా కలవవు. తేడా ఎక్కడొచ్చిందో వివరణ ఫైలులో రాశాను, అడిగేముందు అది చదవండి. కొత్త వెర్షన్లు మాత్రం నాకు పంపకండి.