క్యాలెండర్ చూసి రాయించిన తేదీలు

అంగన్‌వాడీలో గుడ్లు ఇచ్చే రోజు. పాప వంతు తీసుకుందామని చెయ్యి చాపాను. టీచరమ్మ గుడ్లు పెట్టకుండా నా చెయ్యి పట్టుకుని ఆగిపోయింది. గాజులు పగిలి గుచ్చుకున్న చోట మణికట్టు నల్లగా కమిలి ఉంది. "తలుపు పడిందండీ" అన్నాను. ఆవిడ ఏమీ అడగలేదు. అందరూ వెళ్లేదాకా కూర్చోబెట్టి, "ఆడవాళ్ల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యమ్మా. డబ్బులు పడవు. ఇంట్లో మాట్లాడలేకపోతే ఇక్కడికొచ్చి నా ఫోన్‌లోంచి చెయ్యి" అంది.

ఇది 2022లో మాట. అప్పటికి పెళ్లయి ఆరేళ్లు. నేను ఎవరికీ చెప్పుకోలేదని కాదు. అమ్మకు చెబితే నాకంటే ముందు ఆవిడే ఏడ్చేది. రెండుసార్లు పెద్దమనుషుల్లో పెట్టారు. రెండుసార్లూ మా ఆయన ఇక చెయ్యెత్తనని అందరి ముందూ ఒప్పుకున్నాడు, నన్నేమో "నువ్వూ కాస్త సర్దుకుపోవాలమ్మా" అన్నారు. రెండోసారి ఇంటికొచ్చాక, పంచాయితీ పెట్టి పరువు తీశావని కొట్టాడు. ఒకసారి స్టేషన్‌కీ వెళ్లాను. ఆయన్ని పిలిపించి మందలించి, ఇద్దరినీ ఒకే ఆటోలో ఇంటికి పంపారు. నా దగ్గర ఒక్క కాగితమూ రాయించుకోలేదు.

కేసు అంటే నాకు తెలిసింది భర్త, అత్తింటివాళ్ల వేధింపుల మీద పెట్టే 498ఎ ఒక్కటే (2024 జూలై నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్). ఆయన జైలుకు వెళ్లాలని నాకు లేదు. విడాకుల ఆలోచన కూడా లేదు. నన్ను కొట్టకూడదు, పాపతో నేను ఆ ఇంట్లో ఉండాలి, నేను కుట్టుమిషన్ మీద సంపాదించుకున్నది నా చేతిలో ఉండాలి. ఈ మూడే అడగడానికి గృహహింస చట్టం అని ఒకటి ఉందని, అది 2005లోనే వచ్చిందని నాతో ఒక్కరూ అనలేదు. ఇప్పటికీ నాకు బాధ కలిగేది అక్కడే.

ఆ నెలలోనే ఒక మధ్యాహ్నం పాపను ఎత్తుకుని అంగన్‌వాడీకి వెళ్లి 181కి చేశాను. అటువైపు ఆవిడ ముందు ఊరు అడగలేదు, పేరు అడగలేదు. "ఇప్పుడు మీరు భద్రంగా ఉన్నారా? పాప మీ దగ్గరే ఉందా? రక్తం ఏమైనా వస్తోందా?" అని అడిగింది. సాయంత్రానికి మమ్మల్ని జిల్లా కేంద్రంలోని సఖి సెంటర్‌కు చేర్చారు. ప్రభుత్వాసుపత్రి ఆవరణలోనే ఉంది అది. వైద్యం, పోలీసు, వకీలు, కౌన్సెలింగ్ అన్నీ అక్కడి నుంచే చూస్తారు, ఐదు రోజుల దాకా పిల్లలతో ఉండనిస్తారు. ఆ రాత్రి పాప కంటే ముందు నేనే నిద్రపోయాను.

మర్నాడు ఆ చట్టం కింద కేసులు చూసే రక్షణ అధికారి ఆఫీసు మేడమ్ వచ్చి డీఐఆర్ రాయడానికి కూర్చుంది. ఎప్పుడెప్పుడు ఏం జరిగిందో రాసే ఫారం అది. శరీరాన్ని గాయపరచడం, లైంగిక హింస, మాటలతో హింసించడం, డబ్బు లాక్కోవడం, ఇలా దేనికది విడిగా ఉంటుంది. డబ్బు లాక్కోవడం కూడా హింస కిందే వస్తుందని నాకు ఆ కాగితం చూశాకే తెలిసింది. "తేదీలు చెప్పండమ్మా" అంది. నాకు ఒక్కటీ గుర్తులేదు. కొట్టిన రోజులు ఎవరు లెక్కపెట్టుకుంటారు? భయమేసింది, తేదీ లేకపోతే అబద్ధమంటారేమోనని.

ఆవిడ పెన్ను పక్కన పెట్టి, గోడ మీది వెంకట్రామా క్యాలెండర్ తీసి నా ముందు పరిచింది. "తేదీలు వదిలెయ్యండి. పండగలు చెప్పండి" అంది. అప్పుడు వచ్చాయి. ఉండ్రాళ్లకు పిండి కలుపుతుంటే గరిటెతో కొట్టాడు, అది వినాయక చవితి. గ్యాస్ బండ అయిపోయి కట్టెల మీద వండిన వారం. పాపకు అన్నప్రాసన చేసిన మర్నాడు. పాత సంవత్సరాలవి ఆవిడ ఫోన్‌లో పంచాంగం చూసి రాసుకుంది. పదకొండు తేదీలయ్యాయి. చివర్లో మొత్తం నాకు చదివి వినిపించి, "ఇందులో మీరు అననిది ఏదైనా ఉంటే కొట్టేస్తాను" అంది. ఒకచోట ఆపాను. బెల్టుతో అని రాసింది, అది ఛార్జర్ వైరు. మార్చింది.

ఒక తప్పు మాత్రం దిద్దుకోలేకపోయాను. అంతకుముందు ఏడాది చెవికి దెబ్బ తగిలినప్పుడు డాక్టరుకు బాత్రూంలో జారిపడ్డానని చెప్పాను, చీటీ మీద అదే రాశారు. తర్వాత కోర్టులో వాళ్ల వకీలు ఆ చీటీనే చూపించాడు. ఆసుపత్రిలో దయచేసి ఉన్నదున్నట్టు చెప్పండి. ఆ రోజే కేసు పెట్టకపోయినా, చీటీ మీద నిజం ఉండనివ్వండి.

వకీలుకు నేను రూపాయి ఇవ్వలేదు. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వకీలును పెడుతుంది, దానికి నంబరు 15100. పెళ్లి సర్టిఫికెట్ లేదంటే శుభలేఖ, ఫోటోలు పెట్టించారు. పుట్టింట్లో ఉంటున్నా సరే, అక్కడి మేజిస్ట్రేటు కోర్టులోనే వేసుకోవచ్చు, అత్తారి ఊరు వెళ్లక్కర్లేదు.

ఇల్లు తన పేరున ఉందని, కోడలికి అందులో హక్కు లేదని మామయ్య వాదించారు. మా వకీలు మేడమ్ 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూపించింది. కాపురం చేసిన ఇల్లు అత్తమామలదైనా అందులో ఉండే హక్కు అడగవచ్చని అందులో ఉందట. మధ్యంతర ఉత్తర్వు ఆరు వారాలకు వచ్చింది: కొట్టకూడదు, బయటికి గెంటకూడదు, నెలనెలా ఖర్చులకు ఇవ్వాలి. అరవై రోజుల్లో తేల్చడానికి చూడాలని చట్టంలో ఉన్నా, తుది ఉత్తర్వుకు పద్నాలుగు నెలలు తిరిగాను. ప్రతి వాయిదాకూ రాను పోను బస్సు, పాపకు బిస్కెట్ ప్యాకెట్, ఆ రోజు కుట్టుపని పోవడం. ఇది చెప్పకుండా దాచడం నాకిష్టం లేదు.

ఉత్తర్వు కాపీ ఒకటి స్టేషన్‌లో ఇచ్చాం. తర్వాత ఆయన ఒకసారి తాగొచ్చి తలుపు తన్నాడు. ఈసారి పోలీసుల అత్యవసర నంబరు 112కి చేసి, ఉత్తర్వు ఉందని ముందే చెప్పాను. దాన్ని మీరితే ఏడాది దాకా జైలు, లేదా ఇరవై వేల దాకా జరిమానా, లేదా రెండూ. బండి వచ్చింది. ఆటోలో ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టలేదు. ఆయన్ని ఒక్కణ్నే తీసుకెళ్లారు.

ఇప్పుడు ఆయన వాళ్ల అన్న ఇంట్లో ఉంటున్నాడు. నేను, పాప ముందు గదిలో, అత్తయ్య వెనక గదిలో. మాటలు తక్కువే, అయినా పాపకు జడ ఆవిడే వేస్తుంది. ఖర్చుల డబ్బు మూడు నెలలది బాకీ ఉంది. దాని వాయిదా వచ్చే గురువారం. బుధవారం రాత్రికల్లా రెండు జాకెట్లు కుట్టి ఇచ్చెయ్యాలి.