అమ్మ సాక్ష్యం

రెండో శనివారం, రాత్రి 11 గంటలు.

ఈ రోజు అమ్మను తీసుకుని నెల్లూరు వెళ్ళి వచ్చాను. కావలి నుంచి నెల్లూరు పెద్ద దూరం కాదు, నెలకోసారైనా ఏదో ఒక పని మీద వెళ్ళే ఊరే. ఈసారి మాత్రం నాకు ఆటిజం ఉందో లేదో తేల్చే సైకాలజిస్టు ముందు, నా చిన్నతనం గురించి అమ్మ చేత సాక్ష్యం చెప్పించడానికి వెళ్ళాను.

ఉదయం ఏడు గంటల బస్సు. అమ్మ ఇడ్లీలు డబ్బాలో సర్ది, కారప్పొడి నెయ్యి కలిపి పక్కన పెట్టి, నా చెంచాను విడిగా గుడ్డలో చుట్టి సంచిలో వేసింది. బస్సులో కిటికీ పక్క సీటు నాకు వదిలి తాను ఇవతల కూర్చుంది. నాకు 39 ఏళ్ళు, అమ్మకు 67. పెద్దావిడను నడవ వైపు కూర్చోబెట్టి కూతురు కిటికీ పక్కన చేరిందని చూసేవాళ్ళు అనుకుంటారు. నిలబడినవాళ్ళ భుజమో సంచో తగిలితే ఆ చోటు గంటసేపు మండుతున్నట్టే ఉంటుంది నాకు. అది అమ్మకు తెలుసు. దాని గురించి మేమిద్దరం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. ఆమె అలా కూర్చుంటుంది, నేను ఇలా కూర్చుంటాను, అంతే.

కోవూరు దాటి పెన్నా వంతెన ఎక్కుతుండగా అడిగింది, "ఆవిడ ఏమేమి అడుగుతుంది తల్లీ?"

"చిన్నప్పుడు నేను ఎలా ఉండేదాన్నో అడుగుతారమ్మా."

"ఎలా ఉండేదానివి? బంగారంలా ఉండేదానివి."

అప్పుడు పట్టుకుంది నాకు భయం.

ఇదంతా ఎక్కడ మొదలయిందో ఒకసారి రాసుకోవాలి. పదిహేనేళ్ళుగా ఒక ప్రభుత్వ కార్యాలయంలో లెక్కలు చూస్తున్నాను. మూలగది, గోడవైపు బల్ల, కిటికీ. నిరుడు ఆ గదిని వేరే పనికి తీసుకుని నన్ను హాల్లోకి మార్చారు. అక్కడ ఆరుగురి మాటలు, ప్రింటరు చప్పుడు, రెపరెపలాడే ట్యూబులైటు, కౌంటరు దగ్గర జనం, అన్నీ ఒకేసారి ఒకే ఎత్తున చెవిలో పడతాయి. ఏది ముఖ్యమో ఏది కాదో విడదీసే జల్లెడ నాకు లేదు. తప్పు రానివ్వదని పేరున్న నేను ఒకే నెలలో మూడు బిల్లులు తప్పు చేశాను. సాయంత్రం ఇంటికి వచ్చి స్నానాలగదిలో దీపం వేయకుండా కూర్చునేదాన్ని. పలకరిస్తే జవాబు చెప్పదు, పొగరు అన్నారు తోటివాళ్ళు. నాకేమో నోట మాట రావడానికే బలం చాలేది కాదు. రక్తపోటు చూపించుకున్నాను, థైరాయిడ్ పరీక్ష చేయించుకున్నాను. అన్నీ బాగానే ఉన్నాయి. తరువాత కొన్ని నెలలు ఆటిజం గురించి చదివాను. చదివిన ప్రతి పేజీలో నేనే కనిపించాను.

మొదట వెళ్ళిన డాక్టరు నాలుగు నిమిషాల్లో పంపించేశారు. "ఉద్యోగం చేస్తున్నారు, సంసారం చేస్తున్నారు, నా కళ్ళలోకి చూసి చక్కగా మాట్లాడుతున్నారు. ఆటిజం పిల్లలకు ఉండేది, మీకేమిటి?" అని నిద్రమాత్రలు రాశారు. నేను చూస్తున్నది ఆయన కళ్ళలోకి కాదు, కనుబొమల మధ్య చోటును. ఇంటర్మీడియట్ చదివేటప్పుడు నేర్చుకున్న పద్ధతి అది. ఆ మాట చెప్పాలని మెట్లు దిగాక తోచింది.

1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లల గురించి ఒక వ్యాసం రాశాడు. ఆటిజం చరిత్ర అక్కడి నుంచే మొదలుపెడతారు. ఆ పదకొండు మందిలో ముగ్గురు ఆడపిల్లలు. ఆ వ్యాసంలో మొదట కనిపించే పిల్లవాడు డోనాల్డ్ ట్రిప్లెట్. అతను పెరిగి పెద్దవాడై, సొంత ఊళ్ళో బ్యాంకు ఉద్యోగం చేసి, 2023లో 89 ఏళ్ళ వయసులో పోయాడు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పిల్లలకు ఉండేదే అనుకుందాం. ఆ పిల్లలు పెద్దవాళ్ళు కారా? పెద్దయ్యాక ఎక్కడికి పోతారు? ఏదో ఒక కార్యాలయంలో, ఏదో ఒక వంటింట్లో ఉంటారు. ఆ ముగ్గురు ఆడపిల్లల లాంటివాళ్ళు మా జిల్లాలో ఎందరు పొగరుబోతులనీ మొండివాళ్ళనీ పేరు మోస్తూ బతుకుతున్నారో అనిపించింది.

రెండోసారి మా ఆయనే వాకబు చేశారు. ఫోను చేయడం నాకు కష్టం కాబట్టి మాట్లాడి సమయం తీసుకున్నది కూడా ఆయనే. పొగతోట ఆసుపత్రుల సందుల్లో, మేడ మీద ఒక చిన్న గది. క్లినికల్ సైకాలజిస్టు, నాకంటే చిన్నది. భారత పునరావాస మండలి నమోదు పత్రం గోడకు తగిలించి ఉంది. పోయిన వారం నా వంతు అయింది. ఇంగ్లీషులో తయారైన 50 ప్రశ్నల పత్రం ఒకటి ఉంది, ఒక్కో ప్రశ్న చదివి తెలుగులో చెప్పింది. మ్యూజియం కంటే నాటకశాలకు వెళ్ళడమే ఇష్టమా అని ఒక ప్రశ్న. రెండింటికీ అలవాటుగా వెళ్ళినదాన్ని కాను, ఏమని చెప్పను? అది గ్రహించి, "పోనీ, గుళ్ళో ఉత్సవం రోజు వెళతారా, ఎవరూ లేని మధ్యాహ్నం వెళతారా?" అని అడిగింది. మూలాపేట శివాలయానికి ఎప్పుడు వెళ్ళినా జనం లేని వేళే వెళతానని చెప్పగలిగాను. ఆ ఒక్క ప్రశ్న మార్చి అడిగినందుకే ఆమె మీద నాకు నమ్మకం కుదిరింది.

ఈ రోజు అమ్మ వంతు. నిర్ధారణ ప్రమాణాల్లో ఒక షరతు ఉంది, లక్షణాలు చిన్నతనం నుంచే ఉండాలి. ఎంత పెద్ద వయసులో వెళ్ళినా బాల్యం గురించి అడిగి తీరతారు. మన దేశంలో ధ్రువపత్రాల కోసం వాడే కొలమానంలో కూడా 40 అంశాలు ఉంటాయి, దగ్గరుండి చూసినవాళ్ళను అడిగి నింపుతారు. మరి నా బాల్యానికి కాగితం ఎక్కడుంది? ఇంట్లోనే పుట్టాను, వీధిబడిలో చదివాను. మార్కులు తప్ప ఎవరూ ఏమీ రాసి పెట్టలేదు. నాన్న పోయి ఆరేళ్ళయింది. ఉన్న రికార్డు అమ్మ ఒక్కతే.

"మాటలు సమయానికే వచ్చాయా అమ్మా?"

"వచ్చాయండీ. గలగలా మాట్లాడేది."

"విన్న మాటను విన్నట్టే తిరిగి అనేదా?"

"అలాంటిదేమీ లేదండీ."

"తోటి పిల్లలతో ఆడుకునేదా?"

"అందరితోనూ కలిసిపోయేది. మా అమ్మాయికి ఏ లోటూ లేదండీ."

ఆ చివరి మాటతో నాకు అర్థమైంది. ఆ గొంతు నాకు తెలుసు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళ ముందు, చాప మీద తలవంచుకుని కూర్చున్న నా వెనుక నిలబడి అమ్మ మాట్లాడిన గొంతు అది. సంబంధాలు తప్పిపోకూడదని ఏళ్ళ తరబడి దాచింది. దాచి దాచి అలవాటైపోయింది. నాకు అరచేతులు చల్లబడ్డాయి. ఇదే కాగితం మీదకు ఎక్కితే బాల్యం మామూలుగానే గడిచిందని తేలిపోతుంది. మళ్ళీ నిద్రమాత్రల దగ్గరికే వెళ్ళాలి.

ఆ అమ్మాయి పెన్ను మూసి బల్ల మీద పెట్టింది. "అమ్మా, ఈమెకు బట్టలు మీరే కుట్టేవారా?" అంది.

అమ్మ నావైపు చూసింది. తరువాత తన చేతులవైపు చూసుకుంది.

"అయిదో ఏట సంక్రాంతికి పట్టుపావడా కుట్టించామండీ. వేసిన అయిదు నిమిషాలకే ఒళ్ళు కాలినట్టు ఏడ్చింది. జరీ అంచు పిక్కలకు తగలడం పడలేదు. పేరంటానికి వచ్చినవాళ్ళు మొండిపిల్ల, నాలుగు తగిలించమన్నారు. మా ఆడబిడ్డ తగిలించింది కూడా. ఆ రాత్రి నా పాత నూలుచీర చించి అంచుకు లోపలివైపు వేసి కుట్టాను. మర్నాడు రోజంతా అదే పావడా కట్టుకుని తిరిగింది. అప్పటి నుంచి ఏ గుడ్డ కొన్నా మెడ దగ్గర చీటీ బ్లేడుతో కోసేయడం, లోపల మెత్తటి గుడ్డ వేయడం, అదే పని. పెళ్ళి రవికెకు కూడా వేశాను. దానికి చెప్పలేదు."

ఇది నాకు నిజంగా తెలియదు. పెళ్ళి రోజు ఆ రవికె ఒక్కటే ఒంటిని బాధపెట్టలేదని గుర్తుంది. పద్నాలుగేళ్ళుగా అది నా అదృష్టమనుకున్నాను.

ఇక అమ్మ ఆగలేదు. స్టీలు కంచం మీద స్టీలు చెంచా గీసుకుంటే నేను చెవులు మూసుకుని అన్నం వదిలేసి లేచిపోయేదాన్నట. ఉదయగిరిలో పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్ళినప్పుడు అక్కడ చెక్కతో చేసే చెంచాలు చూసి అరడజను కొనుక్కొచ్చింది. ఆ ఊరి చెక్కపనికి పేరుంది. కాడ మీద సన్నటి చెక్కుడు పని, తినే వైపు చేతికి పట్టులా నున్నగా ఉంటుంది. ఇప్పుడు గుడ్డలో చుట్టి తెచ్చినది ఆ అరడజనులో మిగిలిన ఆఖరిది. అంచు అరిగి ఒకవైపు పలచబడింది. అమ్మ సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. ఆ అమ్మాయి దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది, మళ్ళీ పెన్ను తెరిచి గబగబా రాసుకుంది. రెండు కాగితాలు నిండాయి.

అంతా అయ్యాక అమ్మ మెల్లగా అడిగింది. "నేను ఇవన్నీ చేసిపెట్టకుండా ఉంటే అప్పుడే బయటపడి ఉండేదేమో కదండీ? నేనే ఆలస్యం చేశానా?"

కొందరిలో నేర్చుకున్న పద్ధతులు లక్షణాలను కప్పేస్తాయని ప్రమాణాల్లోనే రాసి ఉందని ఆమె చెప్పింది. 2013లో అమెరికా మనోవైద్యుల సంఘం ఆ ప్రమాణాలను సవరించినప్పుడే స్పర్శ, శబ్దం, వెలుతురు పడకపోవడం అందులో చేరిందట. "ఆ పావడా సంగతి అప్పట్లో మీరు ఏ డాక్టరుకు చెప్పినా రాసుకునేవాళ్ళు కాదమ్మా" అంది. అమ్మకు ఎంతవరకు ఎక్కిందో తెలియదు, ముఖం మాత్రం కాస్త తేలికపడింది.

నేను చదివిన ఇంకో సంగతి అమ్మకు చెప్పలేదు, చెప్పను కూడా. ఒకప్పుడు తల్లి మనసులో వెచ్చదనం లేకపోవడం వల్లే బిడ్డ ఇలా తయారవుతుందని పెద్ద పెద్ద డాక్టర్లే రాశారు. ఏళ్ళ తరబడి ఎందరో తల్లులు ఆ నింద మోశారు. 1964లో బెర్నార్డ్ రిమ్‌లాండ్ అనే ఆయన, తానూ ఒక ఆటిజం ఉన్న అబ్బాయి తండ్రి, అది తప్పని పుస్తకం రాసి గట్టిగా ఎదిరించాడు. చీర చించి పావడాకు అతికిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే, ఆ రాతలు రాసినవాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపం ఆగదు.

నివేదిక రావడానికి రెండు వారాలు పడుతుంది, ఈలోపు వచ్చే శనివారం అమ్మ ఇంకోసారి రావాలి. వైకల్య ధ్రువపత్రం వేరే దారి, దానికి సదరం శిబిరం, ప్రభుత్వ వైద్యుల పరీక్ష, వైకల్యం కనీసం 40 శాతం ఉండాలన్న లెక్క ఉన్నాయి. నాకు ఎంత వస్తుందో, అసలు వస్తుందో రాదో. 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది, ఉద్యోగికి తగిన సర్దుబాటు చేయడం ప్రభుత్వ కార్యాలయం బాధ్యత అని కూడా ఆ చట్టంలోనే ఉంది. నేను అడగబోయేది గోడవైపు ఒక బల్ల, రెపరెపలాడని ట్యూబులైటు. నోటితో అడిగితే పొగరు అంటారు. కాగితం చేతిలో ఉంటే అడగగలను.

మెస్సులో గిన్నెల చప్పుడు భరించలేక లోపలికి వెళ్ళకుండా, ఆసుపత్రి ఆవరణలో వేపచెట్టు కింద కూర్చుని ఇడ్లీలు తిన్నాం. తిరుగు బస్సులో అమ్మ నా భుజం మీదకు వాలకుండా ముందు సీటు కడ్డీకి తల ఆనించుకుని నిద్రపోయింది.

ఇది రాస్తుండగా తలుపు దగ్గర అలికిడి అయింది. అమ్మ.

"ఇంకా పడుకోలేదా? ఆవిడకు ఒకటి అబద్ధం చెప్పాను. నీకు మూడేళ్ళు వచ్చేదాకా నువ్వు నన్ను అమ్మా అని పిలవలేదు. నేను నిన్ను తల్లీ అంటే, నువ్వూ నన్ను తల్లీ అనే పిలిచేదానివి. ఆకలేస్తే, తల్లీ అన్నం తింటావా అని నా దగ్గరికి వచ్చేదానివి. అందరూ ముద్దు చేసేవాళ్ళు. నాకు భయం వేసేది. మీ నాన్నకు కూడా చెప్పలేదు. రాసుకో, వచ్చే శనివారం చెబుదాం."

రాసుకున్నాను. రాసేదాకా నిలబడి, చదివి వినిపించమంది. చదివాను.

"మూడేళ్ళు కాదు, మూడున్నర" అని దిద్దించి వెళ్ళి పడుకుంది.