మిద్దెతోట సైటు పనుల చిట్టా: 2023 సెప్టెంబరు నుంచి 2025 అక్టోబరు వరకు

మిద్దె మీద కూరగాయల పెంపకం గురించి తెలుగులో నేను నడుపుతున్న చిన్న సైటు ద్వారా ఆదాయం లేదు, ప్రకటనలూ లేవు. ఆదివారాలు, సెలవు రోజుల్లో ఇష్టంగా చేసుకునే పని అది. అయినా మిరపకు ఆకుముడత వచ్చి దిగులుపడుతున్న మనిషికి నేను రాసిన పేజీ గూగుల్‌లో దొరకకపోతే ఆ రాతకు అర్థం ఉండదని నమ్ముతాను. అందుకే సెర్చ్ అల్గారిదంలో వచ్చిన మార్పులనూ, వాటికి తగినట్టు నేను చేసిన సవరణలనూ రెండేళ్లుగా ఒక లెక్కల పుస్తకంలో తేదీలవారీగా రాసుకుంటున్నాను. ప్రతి కాగితానికి రెండు నిలువు గళ్లు ఉంటాయి: ఎడమ గడిలో గూగుల్ ప్రకటించిన మార్పు, కుడి గడిలో ఆ వారం నేను సైటులో ముట్టుకున్నది. కుడి గడి లేని రోజుల్లో, సందర్శకులు తగ్గినది అల్గారిదం వల్లనా, నా చేతి పని వల్లనా అన్నది ఎప్పటికీ తేలేది కాదు.

2023 సెప్టెంబరు, అక్టోబరు

‘హెల్ప్‌ఫుల్ కంటెంట్’ అప్‌డేట్ (చదివేవారికి పనికివచ్చే రాతను పైకి తేవడానికి గూగుల్ చేసిన మార్పు) సెప్టెంబరు 14న మొదలై 28న పూర్తయింది. ఆ నెలాఖరుకు నాకు వచ్చే క్లిక్కులు మూడో వంతు తగ్గాయి. తోట పనులు ఋతువును బట్టి నడుస్తాయి కాబట్టి కిందటి నెలతో పోల్చడం వల్ల ప్రయోజనం లేదు. తొలకరి తరువాత నారు పెంపకం పేజీలు, ఎండాకాలంలో షేడ్‌నెట్ పేజీలు ఎలాగూ ఎక్కువగా చదువుతారు. అందుకని 2022లోని అవే వారాలతో పోల్చి చూశాను. సైటు గూగుల్‌లో ఎలా కనిపిస్తోందో దాని యజమానికి చూపే సెర్చ్ కన్సోల్ 16 నెలల సమాచారాన్ని మాత్రమే ఉంచుతుంది కనుక, అప్పటి నుంచి ప్రతి నెలా మొదటి ఆదివారం ఆ అంకెలను స్ప్రెడ్‌షీటులోకి దించుకోవడం అలవాటు చేసుకున్నాను.

పేజీలవారీగా చూస్తే తగ్గుదల అంతటా సమానంగా లేదు. సొంత ఫొటోలతో రాసిన పేజీలు దాదాపు ఉన్నచోటే ఉన్నాయి. పడిపోయినవి, 2019కి ముందు ఒక్కో కీవర్డుకు (సెర్చ్‌లో టైపు చేసే మాటకు) ఒక్కో పేజీ చొప్పున నేను రాసిన పొట్టి వ్యాసాలు. ‘మిరప ఆకుముడత’, ‘మిర్చి ఆకు ముడత’, ‘మిరప మొక్క ఆకులు ముడుచుకుంటే’ అని ఒకే విషయానికి మూడు పేజీలు ఉన్నాయి. ఒకప్పుడు మాటలను అక్షరాలా సరిపోల్చే సెర్చ్‌కు ఆ పద్ధతి పనికివచ్చింది. 2019 డిసెంబరులో బెర్ట్ అనే భాషా నమూనాను గూగుల్ తెలుగుతో సహా 70కి పైగా భాషలకు విస్తరించిన తరువాత, మిరప, మిర్చి ఒకటేనని గ్రహించే శక్తి సెర్చ్‌కు పెరుగుతూ వచ్చింది. ఇక నా మూడు పేజీలు ఒకదానికొకటి అడ్డుపడడం తప్ప చేసింది లేదు. లోపం నా అమరికలోనే ఉంది.

2023 నవంబరు నుంచి 2024 ఫిబ్రవరి వరకు

ఈ నాలుగు నెలలూ ఇలాంటి పేజీల విలీనం పనికే సరిపోయాయి. మూడింటిలో ఎక్కువ క్లిక్కులు, బయటి లింకులు ఉన్న చిరునామాను నిలిపి, మిగిలిన రెండింటినీ 301 రీడైరెక్టుతో (పాత చిరునామాకు వచ్చినవారిని కొత్తదానికి పంపే ఏర్పాటు) దానికి కలిపాను. తరువాత సైటులోపలి లింకులన్నీ కొత్త చిరునామాకే చూపేలా మార్చి, పాతవాటిని సైట్‌మ్యాప్ (గూగుల్‌కు ఇచ్చే పేజీల జాబితా) నుంచి తీసేశాను. రీడైరెక్టు ఉందికదా అని లోపలి లింకులను వదిలేయడం మంచి పద్ధతి కాదని నా అభిప్రాయం. పాత చిరునామాలు గూగుల్ ఇండెక్స్ నుంచి పూర్తిగా తొలగడానికి అయిదు వారాలు పట్టింది.

అయితే మూడు వ్యాసాలను అతికితే మంచి వ్యాసం కాదు. కొత్త పేజీని ఒకే ప్రశ్నతో మొదలుపెట్టాను: ఆకు పైకి ముడుచుకుందా, కిందికి ముడుచుకుందా? తామర పురుగులు రసం పీల్చినప్పుడు అంచులు పైకి లేచి ఆకు పడవలా అవుతుంది. నల్లి ఆశిస్తే ఆకు కిందికి ముడుచుకుని తిరగేసిన పడవలా కనిపిస్తుంది, కాడ సాగుతుంది. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ అయితే ఆకులు చిన్నబోయి మొక్క గిడసబారుతుంది. మూడింటికీ నా తోటలోని మొక్కల ఫొటోలే పెట్టి, కుండీ సైజు, ఫొటో తీసిన నెల కింద రాశాను. పూల కింద తెల్ల కాగితం పట్టి మెల్లగా తట్టితే తామర పురుగులు రాలిపడతాయి. ఆ కాగితాన్నీ ఫొటో తీసి పెట్టాను. 2021 చివరలో గుంటూరు, ఖమ్మం, వరంగల్ ప్రాంతాల మిరప చేలను దెబ్బతీసిన నల్ల తామర పురుగు ప్రస్తావన పాత పేజీలలో ఎక్కడా లేదు. అంటే నా రాత పాతబడిన మాట నిజమే. గూగుల్ తన నాణ్యతా మార్గదర్శకాలకు 2022 డిసెంబరులో ‘అనుభవం’ అనే అంశాన్ని చేర్చినప్పుడు దాన్ని నేను పెద్దగా పట్టించుకోలేదు. ఈ ఒక్క పేజీ తిరగరాసినప్పుడు దాని అర్థం తెలిసింది.

2023 ఆగస్టులోనే ప్రశ్నోత్తరాల రిచ్ రిజల్టులను (సెర్చ్ ఫలితం కిందే ప్రశ్నలూ జవాబులూ చూపడం) ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకు పరిమితం చేశారు కనుక, ఒకప్పుడు ప్రతి పేజీకీ శ్రమపడి చేర్చిన ఆ స్కీమాను, అంటే అందుకోసం పేజీలో పెట్టే కోడును, ఈ నెలల్లోనే తొలగించాను.

2024 మార్చి, ఏప్రిల్

మార్చి 5న గూగుల్ ర్యాంకింగ్ విధానంలో పెద్ద మార్పు అయిన కోర్ అప్‌డేట్ మొదలై ఏప్రిల్ 19 వరకు, అంటే 45 రోజులు సాగింది. ‘హెల్ప్‌ఫుల్ కంటెంట్’ కొలమానం ఇక వేరుగా కాక కోర్ ర్యాంకింగ్‌లోనే భాగమవుతుందని గూగుల్ అప్పుడే ప్రకటించింది. ఈ రోజుల్లో వ్యాసాలను, శీర్షికలను ముట్టుకోకూడదని నియమం పెట్టుకుని, సాంకేతిక పనులకు కూర్చున్నాను. పేజీ వాడకం ఎంత సాఫీగా ఉందో చెప్పే కోర్ వెబ్ వైటల్స్ కొలతలలో మార్చి 12న ఎఫ్‌ఐడీ స్థానంలో ఐఎన్‌పీ వచ్చింది. ఐఎన్‌పీ, అంటే నొక్కిన తరువాత తెర స్పందించడానికి పట్టే సమయం, 200 మిల్లీసెకన్ల లోపు ఉంటే అది బాగున్నట్టు. సందర్శకులు తక్కువ కావడంతో సెర్చ్ కన్సోల్‌లో నా సైటుకు ఈ అంకెలు కనిపించవు. అందువల్ల ఆరేళ్ల నాటి చవక ఫోనును కేబుల్‌తో కంప్యూటరుకు కలిపి క్రోమ్‌లో కొలిచాను. విత్తనాల క్యాలెండరులో నెల ఎంచుకుంటే 480 మిల్లీసెకన్లు పడుతోంది, ఎందుకంటే స్క్రిప్టు ప్రతిసారీ పన్నెండు నెలల పట్టికనూ మొదటి నుంచి గీస్తోంది. ఎంచుకున్న నెల వరుసలను మాత్రమే మార్చేలా సవరించాక 150కి తగ్గింది.

అసలు కష్టం తెలుగు ఫాంటుతో వచ్చింది. మామూలు, బొద్దు మందాలు రెండూ కలిపి 240 కిలోబైట్లు ఉన్న వెబ్ ఫాంటు ఆలస్యంగా దిగుతుంది. అది దిగగానే వరుసల ఎత్తు మారి, చదువుతున్న పేరా కిందికి జరిగిపోతుంది. ఈ కుదుపును కొలిచే సీఎల్‌ఎస్ 0.1 దాటకూడదు, నాకు 0.24 ఉంది. ఫాంటును చిన్నది చేద్దామని తెలుగు యూనికోడ్ అక్షరాలను మాత్రమే ఉంచి మిగతావి కత్తిరించాను. పేజీ తెరిచి చూస్తే ‘మొక్క’ అన్న మాటలో క కింద ఉండవలసిన ఒత్తు లేదు. ‘మొక్‌క’ అని పొల్లుతో విడిపోయి కనిపించింది. ఒత్తులకు యూనికోడ్‌లో విడి సంఖ్యలు ఉండవు, అవి ఫాంటు లోపలి నియమాల ద్వారా ఏర్పడే రూపాలు. నేను కత్తిరించినప్పుడు ఆ నియమాలు కూడా పోయాయి. చివరకు ఫాంట్‌టూల్స్ అనే పనిముట్టుతో లేఅవుట్ నియమాలన్నీ నిలిపి మళ్లీ కుదించి, దాన్ని శీర్షికలకే పరిమితం చేశాను. వ్యాసభాగానికి ఫోనులోనూ కంప్యూటరులోనూ ముందే ఉండే తెలుగు ఫాంటునే వాడుతున్నాను. ఆండ్రాయిడ్‌లో నోటో, విండోస్‌లో నిర్మల చక్కగా చదవవచ్చు. ఒత్తులు కింది వరుసకు తగలకుండా వరుసల ఎత్తు 1.7 పెట్టాను. సీఎల్‌ఎస్ 0.04కు వచ్చింది, ముఖ్యభాగం కనిపించే సమయం 4.1 సెకన్ల నుంచి 2.3 సెకన్లకు తగ్గింది. దీనివల్ల ర్యాంకింగ్ పెరిగినట్టు నా చిట్టాలో ఆధారం లేదు. విషయం సరిపోలడమే ముఖ్యమని గూగుల్ కూడా చెబుతుంది. అయినా చవక ఫోనులో చదివే తోటమాలికి ఇది చేసితీరవలసిన పని.

2024 జూన్ నుంచి సెప్టెంబరు వరకు

సెర్చ్ కన్సోల్‌లో నాకు కనిపించే ప్రశ్నలలో చాలావాటిని తెలుగు మాటలే అయినా ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేస్తున్నారు. ఆ రూపాలను పేజీలో కూరితే చదివేవారికి చిరాకు, స్పామ్ లక్షణం కూడా. అందువల్ల వ్యాసాన్ని తెలుగులోనే ఉంచి, కొత్త పేజీల చిరునామాలను మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టిగా పెడుతున్నాను. తెలుగు చిరునామా గూగుల్‌కు అభ్యంతరం కాదు. కానీ ‘మిరప’ అన్న నాలుగు కోడ్‌పాయింట్ల (యూనికోడ్ సంఖ్యల) మాట, కాపీ చేసి వాట్సాప్‌లో అతికించేసరికి శాతం గుర్తులతో 36 అక్షరాల తోక అవుతుంది, దాన్ని చూసి జనం నొక్కడానికి జంకుతారు. పాత తెలుగు చిరునామాలను మాత్రం మార్చలేదు. కుదురుకున్న చిరునామాను అందం కోసం కదిలించడం అనవసరం.

ఆగస్టు 15న మొదలైన కోర్ అప్‌డేట్ సెప్టెంబరు 3న ముగిసింది. విలీనం చేసిన పేజీలు ఈసారి పైకి వచ్చాయి, ఆకుముడత పేజీ ఒక్కటే పాత మూడింటి మొత్తాన్ని దాటింది. విలీనం చేయని పొట్టి పేజీలు అక్కడే ఉన్నాయి. రెండు గళ్ల చిట్టా వల్ల ఈ తేడా స్పష్టంగా కనిపించింది. అదే ఆగస్టులో ఏఐ ఓవర్‌వ్యూలు (సెర్చ్ పేజీలోనే ఏఐ కూర్చి చూపే జవాబులు) మన దేశంలో ఇంగ్లీషు, హిందీలలో మొదలయ్యాయి. మోతాదుల వంటి పొడి సమాచారానికి జవాబు ఇక సెర్చ్ పేజీలోనే దొరుకుతుందన్న అంచనాతో, నా సమయాన్ని ఫొటోలకూ, ఫలానా కుండీలో ఏం జరిగిందన్న వివరాలకూ మళ్లించాను.

2025 సెప్టెంబరు, అక్టోబరు

సెప్టెంబరు రెండో వారంలో ఇంప్రెషన్ల (సెర్చ్ ఫలితాల్లో సైటు ఎన్నిసార్లు కనిపించిందన్న లెక్క) గీత ఒక్కసారిగా కిందికి దిగి, సగటు స్థానం మెరుగైనట్టు కనిపించింది. క్లిక్కులు మాత్రం కదలలేదు. ఒకే పేజీలో వంద ఫలితాలు తెచ్చుకునే సదుపాయం ఆ రోజుల్లోనే ఆగిపోయింది. ర్యాంకులు గమనించే పనిముట్లు దాని ద్వారా అట్టడుగు ఫలితాలను కూడా తెరిచేవి కాబట్టి, ఆ లెక్క ఇంప్రెషన్లలో కలిసేది. కుడి గడిలో ఆ వారం ఏమీ రాసి లేదు కాబట్టి నేను కంగారుపడి శీర్షికలు మార్చలేదు. ఆ తేదీకి ముందు, తరువాత ఇంప్రెషన్లను పోల్చకూడదని స్ప్రెడ్‌షీటులో ఎర్ర గీత గీశాను.

విలీనం కావలసిన పొట్టి పేజీలు ఇంకా 31 ఉన్నాయి. ముందుగా వంగలో కొమ్మ, కాయ తొలుచు పురుగు మీద ఉన్న నాలుగింటిని తీసుకుంటున్నాను. వాడిన కొమ్మ చివరను చీల్చి లోపలి పురుగును చూపే ఫొటో కావాలి, మిద్దె మీద రెండు వంగ మొక్కలకు ఈ వారమే తలలు వాలాయి.