ఇంటర్నల్ మార్కులు ఆఖరి రాత్రికి మిగలకుండా

బెంగళూరులో సీబీఎస్ఈ తొమ్మిది, పది తరగతులకు లెక్కలు చెబుతాను. ఇంటర్నల్ మార్కుల్లో పిల్లలకు అన్యాయం ఎక్కువగా జరిగేది బడలిక వల్లే, దురుద్దేశం వల్ల కాదు. అందుకే ఆ పని ఆఖరి వారానికి మిగల్చను.

ఇంటర్నల్ అంటే బడిలో టీచరే వేసే 20 మార్కులు. అందులో పీరియాడిక్ టెస్టుకి (మధ్యమధ్యలో పెట్టే రాత పరీక్ష) 5, మల్టిపుల్ అసెస్‌మెంటుకి (క్విజ్, నోటి ప్రశ్నల్లాంటివి) 5, పోర్ట్‌ఫోలియోకి (నోట్‌బుక్కు, క్లాసు పని) 5, యాక్టివిటీలకు 5. నలభై మంది చొప్పున మూడు సెక్షన్లుంటే 480 అంకెలు వేయాలి. నోట్‌బుక్కు మూడు నిమిషాలు పట్టినా 120కి ఆరు గంటలు. పొద్దున బస్ డ్యూటీ, మధ్యలో సబ్‌స్టిట్యూషన్, సాయంత్రం ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్. రాత్రి పదింటికి కూర్చుంటే పుస్తకం తెరవకుండా ముఖం గుర్తు తెచ్చుకుని మార్కు వేస్తాం. షీటే చెప్పేస్తుంది: 5, 5, 4, 5, 5, 4 అని కిందిదాకా. చురుగ్గా చెయ్యెత్తే పిల్లకి 5. వెనక బెంచీలో నోరు మెదపకుండా తప్పులన్నీ దిద్దుకున్నవాడికి 3.

రోజుకి పది పుస్తకాలే తీసుకుంటాను, పన్నెండు పనిదినాల్లో అయిపోతాయి. ఆఖరి పీరియడ్ తర్వాత దిద్దను, అప్పటి విసుగంతా ఎర్ర పెన్నులోకి దిగుతుంది. పోర్ట్‌ఫోలియో 5లో క్రమం తప్పక రాసినందుకు 2, దిద్దుబాట్లకు 2, శుభ్రతకు 1. దిద్దుబాటంటే లెక్క మొదటినుంచి మళ్లీ చేసి ఉండాలి. జవాబు మాత్రమే మార్చితే 1. మార్కు అప్పుడే, పెన్నుతో, తేదీ వేసి రాస్తాను. మార్చాల్సొస్తే పక్కన కారణం, పొట్టి సంతకం.

"మేడమ్, మనమూ మనమూ తెలుగువాళ్లం కదా, పాపకి ఒక్క మార్కు చూడండి" అని ఫోన్లొస్తాయి. అలసిపోయి ఉన్నప్పుడు సరేననేయడం తేలిక. "రేపు పుస్తకం తీసుకురండి, కలిసి చూద్దాం" అంటాను. సగటు పెంచమని పైనుంచి నోటిమాటగా వస్తే మెయిల్ పెట్టమని అడుగుతాను.

మార్కులు బోర్డు పోర్టల్‌లో ఎక్కించేటప్పుడు ఒకరు రోల్ నంబరుతో పైకి చదవాలి, ఇంకొకరు కొట్టాలి. గైర్హాజరైన పిల్ల దగ్గర ఒక్క వరస జారితే కిందివాళ్లందరి మార్కులూ తారుమారే. ఒకసారి బోర్డుకి వెళ్లిపోయాక దిద్దుకోనివ్వరు.