ఆ ముక్క ఎక్కడికి పోతుంది?

ఎనిమిదేళ్లుగా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణాలతో పనిచేస్తున్నాను. 37 డిగ్రీల ఇంక్యుబేటర్, ఫ్లాస్కుల్లో గులాబీ రంగు ద్రవం, మైక్రోస్కోపు: నా రోజంతా వీటితోనే. మా పరిశోధన ఎవరి కోసమని చెప్పుకుంటామో, వైద్యం సరిగా అందని ఆ మనుషుల మధ్య నిన్న మొదటిసారి కూర్చున్నాను.

స్లైడ్లు సిద్ధం చేసుకునే వెళ్లాను. రెండోది చూపించేలోపే ముందు వరుసలోని ఒక పెద్దావిడ చెయ్యెత్తారు. "మా ఒంట్లోంచి తీసిన ముక్క ఎక్కడికి పోతుందమ్మా? అది ఎవరిదవుతుంది?"

నాకు గొంతు పెగల్లేదు. నేను రోజూ వాడే హీలా అనే క్యాన్సర్ కణాలు 1951లో హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి అమెరికన్ మహిళ నుంచి అనుమతి అడగకుండా తీసుకున్నవి. ఆ ఏడాదే ఆమె చనిపోయారు. ఆ కణాలు ల్యాబుల్లో ఇంకా పెరుగుతున్నాయని ఆమె కుటుంబానికి తెలియడానికి ఇరవై ఏళ్లు దాటింది. స్లైడ్లు పక్కన పెట్టి ఆ సంగతే చెప్పాను. గది నిశ్శబ్దమైపోయింది.

తర్వాత గంటన్నర వాళ్లే మాట్లాడారు. పరీక్షకు వెళ్తే ఆ రోజు పని పోతుందని ఒకరు, నమూనా ఇచ్చాక ఫలితం ఎవరూ చెప్పలేదని ఇంకొకరు. ఈ క్యాన్సర్ దాదాపు ఎప్పుడూ హెచ్‌పీవీ వైరస్ వల్లే వస్తుంది. టీకా ఉంది, ముందే పసిగట్టే పరీక్ష ఉంది. ఇన్ని తెలిసి కూడా, ఆ ఫలితం చేతికందని మనిషి గురించి నేను ఇన్నేళ్లూ ఆలోచించలేదు. అది నన్ను కలచివేసింది.

వెళ్తూ పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "మీ ల్యాబు చూపిస్తావా?" అన్నారు. వచ్చే నెల పన్నెండు మంది వస్తున్నారు. మైక్రోస్కోపు ముందు మొదట ఆవిడనే కూర్చోబెడతాను.