20 శాతం దేని మీద?

బ్యాంకులో అప్పుల సెక్షన్లో పనిచేస్తాను. ఎవరైనా శాతం అంటే ముందు అసలెంత అని అడగడం అలవాటు. కడుపుతో ఉన్నన్నాళ్ళూ ఆ అలవాటు ఎటు పోయిందో మరి.

ఎనిమిదో వారంలో మొదటిసారి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు నా బరువు 86 కిలోలు, ఎత్తు 158 సెంటీమీటర్లు. ఎత్తుకి బరువెంతుందో చెప్పే లెక్క, బీఎంఐ, 34 దాటింది. "ఇప్పుడు తగ్గాలని కడుపు మాడ్చుకోకండి. మొత్తం మీద 5 నుంచి 9 కిలోలు పెరిగితే చాలు" అందావిడ. ఫోలిక్ యాసిడ్ ముందే మొదలుపెట్టి ఉండాల్సిందని కూడా అంది. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం గర్భం నిలిచిన 28 రోజులకల్లా మూసుకుంటుందట. తల్లి బరువు ఎక్కువైతే అది సరిగ్గా మూసుకోని ప్రమాదం కొంత పెరుగుతుందట. నేను మందుల షాపులో ప్రెగ్నెన్సీ టెస్టు కిట్ కొనేసరికే ఆ గడువు దాటిపోయింది.

ఇంటికొస్తే అత్తయ్య "ఇద్దరికి తినాలమ్మా" అంటూ ముద్దపప్పు మీద ఇంకో చెంచా నెయ్యి.

బిడ్డ అవయవాలన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసే టిఫా స్కాన్ రోజు మాత్రం మర్చిపోలేను. వెన్నెముక దగ్గర ఆగిపోయారు. పొట్ట మీద కొవ్వుంటే బొమ్మ మసగ్గా వస్తుందని, పైగా బేబీ తిరగట్లేదని, కాసేపు నడిచి రమ్మన్నారు. ఆ వరండాలో అటు నలభై అడుగులు, ఇటు నలభై. ఎన్నిసార్లు తిరిగానో. రెండోసారి చూసి బాగానే ఉందన్నారు. చీరకంటిన జెల్ కూడా తుడుచుకోకుండా బయటికొచ్చేశాను.

26వ వారంలో గ్లూకోజ్ నీళ్ళు తాగించి రెండు గంటలాగి చూస్తే షుగర్ 168. అక్కడ 140 దాటకూడదు. అన్నం బదులు కొర్రలు, జొన్నరొట్టె, రోజుకి నాలుగుసార్లు వేలికి సూది. పరగడుపున 95 లోపు రాకపోవడంతో రాత్రిపూట ఇన్సులిన్ కూడా పెట్టారు. సీమంతానికి అమ్మ చలిమిడి చేసింది. అందరి ఒళ్ళోనూ ముద్దలు, నా అరచేతిలో శనగగింజంత. అమ్మ కళ్ళు తుడుచుకుంటుంటే నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది.

38వ వారంలో సిజేరియన్. బాబు 3.9 కిలోలు. మొదటి రాత్రే వాడి చేతులు వణికాయి. షుగర్ చూస్తే 28, బాగా తక్కువ. నా రక్తంలో చక్కెర ఎక్కువని కడుపులో వాడి క్లోమం ఇన్సులిన్ ఎక్కువ చేస్తూ వచ్చింది. బొడ్డు కోయగానే నా చక్కెర ఆగింది, వాడి ఇన్సులిన్ ఆగలేదు. డ్రిప్ పెట్టి మూడు రోజులు అద్దాల గదిలో ఉంచారు. ఆ వణుకు ఫిట్స్ కాదని పిల్లల డాక్టరు రెండుసార్లు చెప్పారు.

అయినా చూడ్డానికొచ్చిన పెద్దావిడ ఒకరు "తల్లి ఒళ్ళే బిడ్డకి చుట్టుకుంది, రేపు మూర్ఛ రాకుండా చూసుకో" అనేసి పోయింది. ఆ రాత్రి కుట్లు నొప్పిపుడుతున్నా పడుకుని ఫోన్లో వెతికాను. స్వీడన్‌లో 1997-2011 మధ్య పుట్టిన 14 లక్షల మందికి పైగా పిల్లల మీద లెక్క తీసి 2017లో అచ్చువేశారు. బీఎంఐ 40 దాటిన తల్లుల పిల్లల్లో మూర్ఛ 82 శాతం ఎక్కువ. నా కోవలో, అంటే 30-35 మధ్య, 20 శాతం. గుండె జారింది. తెల్లారగట్ల బాబు పాలకి లేచినప్పుడు బ్యాంకు బుర్ర మేలుకుంది. 20 శాతం, సరే, దేని మీద? మొత్తం పిల్లల్లో మూర్ఛ తేలింది వెయ్యికి ఐదుగురిలో. 20 శాతం కలిపితే ఆరుగురు. ఆ ఆరో బిడ్డ విషయంలో కూడా కారణం తల్లి బరువేనని ఆ లెక్క తేల్చి చెప్పదు. ప్రమాదం లేదనను. 82 చిన్న అంకె కాదు. కానీ బాలింత మంచం పక్కన నిలబడి అనాల్సిన మాట కాదది.

ఆరు వారాలకి నా షుగర్ మామూలైంది. కానీ ముందుముందు మళ్ళీ రావచ్చట, ఏటా చూపించుకోమన్నారు. ఇప్పుడు 74 కిలోలు. రెండో బిడ్డ కావాలనుకుంటున్నాం. ఈసారి కిట్ కన్నా ముందే ఫోలిక్ యాసిడ్ కొన్నాను.

బాబుకి నాలుగేళ్ళు. నేను వేలికి సూది గుచ్చుకుంటుంటే "నాక్కూడా" అని వేలు చాపుతాడు. ఆ మూడు రోజులూ వాడి మడమలు జల్లెడైన సంగతి వాడికి తెలీదు.