గ్రూపులో ఒక్కరే రాస్తుంటే

క్లాసును గ్రూపులు చేసి చార్టు చేతికిస్తే ఏమవుతుందో తెలిసిందే. చేతిరాత బాగున్న పిల్ల రాస్తుంది, ఒకడు స్కేలు పట్టుకుంటాడు, మిగతావాళ్లు కిటికీలోంచి చూస్తుంటారు. ఇది బద్ధకం కాదు. ఒక్కరితో అయ్యే పనిని నలుగురికి అప్పజెప్పాం, అంతే.

జిగ్సా పద్ధతిలో పాఠాన్నే ముక్కలు చేసి, గ్రూపులో మనిషికొక ముక్క చీటీ మీద ఇస్తారు. ఒకే చీటీ వచ్చినవాళ్లు ముందు కలిసి కూర్చుని దాన్ని అర్థం చేసుకుంటారు, తర్వాత ఎవరి సొంత గ్రూపుకు వాళ్లు తిరిగొచ్చి చెబుతారు. దీన్ని మనస్తత్వవేత్త ఇలియట్ ఆరన్సన్ 1971లో అమెరికాలోని ఆస్టిన్ బడుల్లో మొదలుపెట్టాడు. నా దగ్గరున్న ముక్క నీ దగ్గర ఉండదు. అడగక తప్పదు, చెప్పక తప్పదు.

మన నల్లగొండ బడుల్లో దీనికి ఫ్లోరైడ్ పాఠం బాగా కుదురుతుంది. చీటీలు నాలుగు: రాళ్లలోని ఫ్లోరైడ్ బోరునీళ్లలోకి ఎలా దిగుతుంది, పళ్లకు, ఎముకలకు ఏమవుతుంది (లీటరుకు 1 మిల్లీగ్రాము హద్దు, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5), సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరుతో నీళ్లు తేర్చే నల్లగొండ పద్ధతి, కృష్ణా నీళ్లు నల్లాదాకా ఎలా వస్తాయి. చీటీకి పది వాక్యాలు చాలు. రెండో చీటీలో పళ్ల ఫొటో పెట్టొద్దు. గారపళ్ల పిల్లలు ఆ క్లాసులోనే ఉంటారు.

36 మందికి నలుగురేసి తొమ్మిది గ్రూపులు. ఒకే చీటీ వచ్చిన తొమ్మిది మందినీ ఒకచోట కూర్చోబెడితే సంతే. నలుగురు, ఐదుగురుగా విడగొట్టండి. 45 నిమిషాల్లో బెంచీలు జరపడానికి 3, చీటీ అర్థం చేసుకోవడానికి 12, సొంత గ్రూపులో చెప్పడానికి మనిషికి 4 చొప్పున 16, పరీక్షకు 10. మిగిలిన నాలుగూ బెంచీలు సర్దడానికే పోతాయి.

తప్పులు పుట్టేది ఆ 12 నిమిషాల్లోనే. "మరగబెడితే ఫ్లోరైడ్ పోతది" అని ఒకరంటే మిగతావాళ్లు తలూపుతారు, కాసేపటికి ఆ మాట గ్రూపు గ్రూపుకీ పాకుతుంది. టీచరు తిరగాల్సింది అప్పుడే. "చీటీ మూసి చెప్పు" అనండి. తప్పు దొరికితే వెంటనే దిద్దకుండా, "చారు ఎక్కువసేపు మరిగితే ఉప్పగా ఎందుకైతది?" అని అడిగి పక్క గ్రూపుకు వెళ్లిపోండి. నీళ్లే ఆవిరవుతాయి, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉండి ఇంకా చిక్కనవుతుందని వాళ్లే తేల్చుకుంటారు.

పత్తి ఏరే రోజుల్లో హాజరు వేశాకే గ్రూపులు కట్టండి. ముగ్గురే మిగిలితే ఆ గ్రూపును తీసేసి, ముగ్గురినీ తలో గ్రూపులో కలపండి. అక్కడ ఒక చీటీని ఇద్దరు పంచుకుంటారు. చదవడం కష్టమైన పిల్లలకు చీటీ ముందురోజే ఇవ్వాలి.

పరీక్షలో చీటీకొక ప్రశ్న, ఎవరి కాగితం వాళ్లదే, మార్కులూ విడివిడిగానే. మూడో ప్రశ్న ఒక గ్రూపంతా తప్పితే, అక్కడ మూడో చీటీ చెప్పిన పిల్లకు ఇంకో అవకాశం ఇవ్వాలి. తొమ్మిది గ్రూపులూ తప్పితే మాత్రం తిరగరాయాల్సింది చీటీనే.